పొట్ట ఆశీర్వాదానికి గుర్తు కాదు



మన లక్సెట్టిపేట దిక్కు ఎవరైనా కొంచెం ఒళ్ళు చేస్తే "దేవుడు బాగా ఆశీర్వదించాడు" అంటాం. ఆ మాట ఇక మానుకోవాలని మేము అంటున్నాము.

కొవ్వు చెడ్డదని కాదు. కరువు రోజులకు పనికొచ్చే శక్తిగా దాన్ని ఒంట్లో పెట్టింది దేవుడే. కాని అది మితిమీరితే భారం గుండె మీద పడుతుంది. పెరిగిన ఒంటికి నెత్తురు కూడా ఎక్కువే కావాలి. గుండె ప్రతిసారీ ఎక్కువ నెత్తురు తోయాలి. దానికి బీపీ తోడైతే గుండె ఎడమ గది గోడ మందమవుతుంది, బిగుసుకుపోతుంది, సరిగా సడలదు. అందుకే తోసే బలం బాగానే ఉన్నా కొందరికి ఆయాసం, కాళ్ళవాపు వస్తాయి. పేగుల చుట్టూ చేరిన కొవ్వు షుగర్‌కు, రక్తనాళాల పూడికకు దారితీస్తుంది.

"మేము సన్నగానే ఉన్నాం" అని నిశ్చింతగా ఉండకండి. పుణెకు చెందిన డాక్టర్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన డాక్టర్ యడ్కిన్ 2004లో లాన్సెట్ పత్రికలో తమ ఇద్దరి లెక్కలే చూపించారు. ఇద్దరి బీఎంఐ 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం! అందుకే మనవాళ్ళు బరువుతో పాటు నడుము కూడా కొలుచుకోవాలి. మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్తపడాలి.

ఇది పట్నపోళ్ళ జబ్బు అనుకోవద్దు. ఇరవై ఏళ్ళ కిందటే గోదావరి జిల్లాల్లోని 45 పల్లెల్లో మరణాలను పరిశీలిస్తే, దాదాపు మూడింట ఒకటి గుండె, రక్తనాళాల జబ్బుల వల్లే అని తేలింది.

లేవీయకాండము 3వ అధ్యాయంలో, సమాధానబలి పశువు పేగుల మీది కొవ్వును, మూత్రపిండాల మీది కొవ్వును బలిపీఠం మీద దహించమన్నాడు దేవుడు. అది వైద్యసలహా కాదు. శ్రేష్ఠమైన భాగం దేవునిదని నేర్పే ఆజ్ఞ. మన దేహం కూడా ఆయన ఆలయమే కదా!

కాబట్టి సంఘంగా కొన్ని పనులు చేద్దాం. ప్రేమవిందులో కూల్‌డ్రింకు బదులు మజ్జిగ పెడదాం. బిర్యానీ పక్కన కూరగాయలకూ చోటిద్దాం. దగ్గరి గృహకూటాలకు బండి తీయకుండా నడిచి పోదాం. లావుగా ఉన్నవారిని మాత్రం ఎవరూ ఎగతాళి చేయవద్దు. వంశం, మందులు, థైరాయిడ్ వంటి కారణాలెన్నో ఉంటాయి. ఎగతాళి వల్ల ఎవరి గుండే బాగుపడదు.

ఇంకొక మాట. ప్రార్థన చేయించుకున్నామని బీపీ, షుగర్ మాత్రలు ఆపకండి. సువార్త రాసిన లూకా కూడా వైద్యుడే. ఛాతీలో నొప్పి, చెమటలు వస్తే ముందు 108కి ఫోన్ చేయండి, తర్వాతే మాకు చేయండి. మేము ఆస్పత్రికే వచ్చి మీ కోసం ప్రార్థిస్తాము.

దేవుడు మిమ్మల్ని దీవించును గాక. ఆమేన్.