గవర్నర్‌ను తొలగిస్తే...

రాష్ట్రానికి ఉన్నట్టే చిన్న పెట్రోలు ఇంజినుకూ ఓ గవర్నర్‌ ఉంటుంది! జనరేటరు, నీటిపంపు... దేనికి బిగించినా ఇంజిను హద్దు దాటి తిరక్కుండా చూడటమే దాని పని. అమెరికాలో ఇంటి గ్యారేజీలోనే గో-కార్ట్‌ రేసింజిను తయారుచేసుకునే కుర్రాళ్ల కన్ను ముందుగా పడేది దానిమీదే.

ఈ సరదా కొత్తదేం కాదు. రేసుకార్లు తయారుచేసే కర్టిస్‌ క్రాఫ్ట్‌ సంస్థలో పనిచేసే ఆర్ట్‌ ఇంగెల్స్‌ 1956లో కాలిఫోర్నియాలో తొలి కార్ట్‌ తయారుచేశాడు. మిత్రుడు లూ బొరెల్లి సాయంతో దానికి బిగించింది ఏమిటో తెలుసా... గడ్డికోసే యంత్రాల కోసం తయారై మిగిలిపోయిన రెండున్నర హార్స్‌పవర్‌ ఇంజిను!

ఇప్పుడు చాలామంది ఎంచుకునేది 196 సీసీల హోండా జీఎక్స్‌200, లేదంటే దాని పోలికతో వచ్చే చౌక ఇంజిన్లు. నిమిషానికి సుమారు 3,600 చుట్ల దగ్గర గవర్నర్‌ కళ్లెం వేస్తుంది. ఎయిర్‌ఫిల్టరు, సైలెన్సరు మారిస్తే లోపలికి గాలి ధారాళంగా వెళ్తుంది. గాలి పెరిగితే పెట్రోలూ పెరగాలిగా! అందుకే కార్బురేటర్‌లో కాస్త పెద్ద రంధ్రమున్న జెట్‌ వేస్తారు. లేదంటే ఇంజిను వేడెక్కిపోతుంది. ఇదంతా స్పానర్లుంటే ఓ పూటలో అయ్యే పనే. గవర్నర్‌ తీయాలంటే మాత్రం క్రాంక్‌కేసు మూత విప్పి, లోపలున్న పళ్లచక్రాన్ని బయటికి లాగాలి.

అసలు చిక్కు ఆ తర్వాతే. వేగం 3,600 నుంచి 7,200 చుట్లకు పెరిగితే ఫ్లైవీల్‌ అంచును బయటికి లాగే బలం రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది. మామూలు పోత ఇనుప ఫ్లైవీల్‌ను ఆ వేగం కోసం చేయలేదు. అది పగిలితే ముక్కలు తూటాల్లా దూసుకొస్తాయి. డ్రైవరేమో అక్కడికి మూరెడు దూరంలో కూర్చుని ఉంటాడు! పోత అల్యూమినియంతో చేసిన కనెక్టింగ్‌ రాడ్‌ తెగితే క్రాంక్‌కేసునే చీల్చుకుని వస్తుంది. అందుకే లోహపు దిమ్మను చెక్కి చేసిన రాడ్‌, ఫ్లైవీల్‌, బిరుసైన వాల్వు స్ప్రింగులు వేయాలి. వాటన్నిటి ఖర్చు ఒక్కోసారి చౌక ఇంజిను ధరనే మించిపోతుంది. పైగా అవి ప్రధానంగా ఇంజిను పగలకుండా ఉండటానికే తప్ప హార్స్‌పవర్‌ పెంచడానికి కాదు. కుర్రాళ్లు ‘తర్వాత చూద్దాంలే’ అనుకునేదీ వాటి గురించే. ఇంట్లో పెద్దవాళ్లు అడ్డుపడాల్సిందీ సరిగ్గా అక్కడే.

ఇక ఆయిలు సంగతి. ఈ ఇంజిన్లలో ఆయిలు పంపూ ఉండదు, ఫిల్టరూ ఉండదు. రాడ్‌ అడుగున చెంచాలాంటి కొస ఆయిలును చిలకరిస్తుందంతే. అందుకే అనుభవమున్నవాళ్లు కొత్త ఇంజినును కాసేపు నెమ్మదిగా నడిపి, ఆయిలు మొత్తం వంపేసి వెలుతురులో చూస్తారు. సన్నటి తళుకులు కొద్దిగా కనిపిస్తే ఫర్వాలేదు. రజను మరీ ఎక్కువగా ఉంటే మాత్రం... ఇంజిను మళ్లీ బల్లమీదికి ఎక్కాల్సిందే.