బ్యాంకాక్ నుంచి బట్టల మధ్య మొక్కలు తెచ్చే అన్నలకు

ఈ పోస్టు కొంచెం పొడుగు, కొంచెం కారం. తిట్టాలనుకుంటే తిట్టండి, కానీ పూర్తిగా చదివి తిట్టండి.

ఈమధ్య గ్రూపుల్లో ఒకటే ఫొటోలు. డీలర్ల టూరుకో సొంత ఖర్చుతోనో థాయ్‌లాండ్ పోవడం, అక్కడ పనస అంట్లు, మామిడి పుల్లలు కొనడం, తడిగుడ్డలో చుట్టి చొక్కాల మధ్య పెట్టి తెచ్చేయడం. కింద అందరూ ‘సూపరన్నా, నాకూ రెండు కొమ్మలు’ అని. ఎయిర్‌పోర్టులో ఎవరూ పట్టుకోలేదని ఒక గొప్ప. ఇందులో గొప్పేముందో నాకైతే అర్థం కాదు.

2021 మర్చిపోయారా? మిరప పూత మీద నల్ల తామర పురుగు దిగింది. గుంటూరు, ఖమ్మం, వరంగల్ వైపు చేలకు చేలు పోయాయి. పువ్వులోనే దూరి కూర్చుంది, పూతంతా రాల్చింది. ఏ మందుకీ లొంగక చేను పీకేసినవాళ్ళు మన మధ్యే ఉన్నారు. సొంత పొలం ఉన్నవాడు ఎట్లాగో నిలబడ్డాడు, కౌలు కట్టినవాడు మునిగాడు. ఆ పురుగు మనది కాదు, ఆగ్నేయాసియాది. మన దేశంలో 2015లో బెంగళూరులో బొప్పాయి మీద మొదట కనబడింది. ఎవరి సంచిలో ఎక్కి వచ్చిందో దాని వీపు మీద రాసి ఉండదు కదా. తెచ్చినవాడు ఎవడో తేలదు, శిక్ష మాత్రం పక్క చేనువాడికి.

గోదావరి జిల్లాల కొబ్బరి రైతుని అడగండి. మట్టల కింద తెల్లదోమ, ఆకుల మీద నల్లటి మసి. అదీ బయటి దేశపుదే, 2016లో పొల్లాచ్చి దగ్గర బయటపడి ఇటు పాకింది. ఇక అరటి పిలక తెచ్చేవాళ్ళకు వేరే దండం పెట్టాలి. పనామా తెగులులో టీఆర్-4 రకం మట్టిలోకి దిగితే మందు లేదు, ఏళ్ళ తరబడి అక్కడే ఉంటుంది. బీహార్, ఉత్తరప్రదేశ్‌లకు అది ఇప్పటికే వచ్చేసింది.

‘మిరప కూడా పోర్చుగీసువాళ్ళు తెచ్చిందేగా’ అని ఒకాయన తెలివిగా అడిగాడు. నిజమే. అది ఓడలో నెలల తరబడి ప్రయాణం చేసి వచ్చింది. ఇప్పుడు కోసిన కొమ్మ నాలుగు గంటల్లో హైదరాబాద్‌లో దిగుతోంది, దాని మీద గుడ్లు కూడా అంతే తాజాగా. అమెరికాలో కొడుకు దగ్గరికి పోయే అమ్మ సంచిలో పచ్చి కరివేపాకు దొరికితే అక్కడివాళ్ళు తీసి పారేస్తారు. మనం నవ్వుకుంటాం. వాళ్ళు కాపాడుకునేది వాళ్ళ నారింజ తోటల్ని. కరోనా అప్పుడు గల్ఫ్ నుంచి వచ్చిన సొంత మనిషినే పద్నాలుగు రోజులు బడిలో ఉంచాం. మొక్కని ఒక్క పూటైనా ఉంచరా?

చట్టం ఉంది. 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం ముందు ఇక్కడ దిగుమతి పర్మిట్ తీసుకోవాలి. అక్కడి ప్రభుత్వం మొక్కకు రోగం లేదని సర్టిఫికెట్ ఇవ్వాలి. వేరుకు మట్టి ఉండకూడదు. దిగాక తనిఖీ, నాటే మొక్కయితే కొంతకాలం విడిగా పెంచి చూడటం. ‘రెండెకరాల రైతు ఇదంతా ఎక్కడ చేస్తాడు, పెద్ద నర్సరీలకే కదా ఇది’ అంటారు. ఈ మాటలో నిజం ఉంది, ఒప్పుకుంటా. అయితే అడగాల్సింది ప్రభుత్వాన్ని. మన రైతు ఉత్పత్తిదారుల సంఘాల పేరున పర్మిట్ సులువు చేయమనండి, హార్టికల్చర్ శాఖే మంచి రకాలు తెప్పించి పెంచి మనకివ్వమనండి. గిట్టుబాటు ధర కోసం ధర్నా చేసినవాళ్ళం, దీనికీ చేద్దాం. నర్సరీలో విదేశీ మొక్క కొంటే దిగుమతి కాగితం చూపించమని అడగండి. ముఖం చిట్లిస్తే కొనకండి.

ఇప్పటికే తెచ్చి నాటినవాళ్ళు ముందు కొమ్మలు పంచడం ఆపండి. ఆకుల అడుగున, చిగుళ్ళలో రోజూ చూడండి. కొత్త పురుగు, కొత్త మచ్చ కనిపిస్తే ఫొటో గ్రూపులో పెట్టి లైకులు లెక్కపెట్టకుండా కృషి విజ్ఞాన కేంద్రం వాళ్ళకు చూపించండి. మొక్క చస్తే గట్టు మీద పారేయకండి, అక్కడే కాల్చేయండి. గట్టుకి అవతల వేరేవాడి మిరప ఉంది.