మందు పడటం

దేశ విభజన నాటి శరణార్థుల కోసం వెలసిన ఢిల్లీ ఓల్డ్ రాజిందర్ నగర్ నేడు సివిల్ సర్వీసు పరీక్షలకు చదివే యువతీయువకులతో కిటకిటలాడుతున్నది. వారిలో మన తెలుగువారూ తక్కువేమీ కాదు. మంచమూ బల్లా పట్టేంత గది, అర్ధరాత్రి దాకా తెరచి వుండే రీడింగు రూములు, తప్పితే మళ్ళీ ఏడాదికి గాని రాని పరీక్ష. మనస్సు కుంగిపోవటానికి ఇంతకంటె అనువైన చోటు వుండదేమో! ఇక్కడి తెలుగు పిల్లల నోట నేను తరచు వినే మాట ఒకటున్నది. "డాక్టరుగారు మాత్రలిచ్చారు గాని, నాకు పడలేదండీ."

ఈ "పడటం" అనే క్రియను ఇంగ్లీషులోకి దించటం నాబోటి అనువాదకులకు కష్టమే. కొత్త ఊరి నీళ్ళు పడవు, కొందరికి వంకాయ పడదు, అత్తాకోడళ్ళకు పడదు. లోపం ఫలానా వారిదని ఈ మాట తేల్చదు; రెంటికీ పొత్తు కుదరలేదని మాత్రమే అంటుంది. కుంగుబాటు మందుల విషయంలో వైద్యులు చెబుతున్నదీ దాదాపు ఇదే.

అసలీ మందులు పుట్టిందే యాదృచ్ఛికంగా. 1950ల తొలినాళ్ళలో న్యూయార్కులోని ఒక క్షయ ఆసుపత్రిలో ఇప్రోనయజిడ్ పుచ్చుకున్న రోగులు ఊహించని ఉత్సాహం కనబరిచారు. స్కిజోఫ్రేనియాకు పనికిరాదని తేలిన ఇమిప్రమిన్ కుంగుబాటుకు పనిచేస్తున్నదని స్విట్జర్లాండు వైద్యుడు రోలాండ్ కూన్ 1957లో ప్రకటించాడు. మన సర్పగంధి కథ దీనికి తలక్రిందులు. దాని నుండి తీసిన రెసర్పిన్ రక్తపోటును తగ్గించింది గాని, కొందరిని దిగులులోకి నెట్టినట్లు నాటి వైద్యులు గమనించారు. వీటన్నిటినీ ఆధారం చేసుకొని మెదడులోని రసాయనాలపై సిద్ధాంతాలు అల్లారు. సెరొటోనిన్ కొరవడటమే కుంగుబాటన్న సులువైన వివరణ మాత్రం ఇప్పుడు నిలవటం లేదు.

అమెరికాలో దాదాపు 4,000 మందితో నడిపి 2006లో ఫలితాలు వెల్లడించిన స్టార్‌డి పరిశోధనలో, తొలి మందుతోనే పూర్తిగా తేరుకున్నవారు సుమారు మూడింట ఒకవంతు. మందు మారుస్తూ, మరొకటి చేరుస్తూ నాలుగు మెట్లు ఎక్కితే మూడింట రెండువంతుల మంది తేరుకుంటారని లెక్క కట్టారు. అది ఎక్కువ చేసి చెప్పిన లెక్క అని 2023లో మరికొందరు పరిశోధకులు తప్పుపట్టారు. ఎవరికి ఏది పడుతుందో ముందే చెప్పగల రక్తపరీక్ష ఇంకా రాలేదు.

ఇక్కడొక చిక్కున్నది. ఈ మందులతో బాధ ముందు వస్తుంది, గుణం తరువాత వస్తుంది. వికారం, తలనొప్పి, నిద్ర చెదరటం మొదటి వారంలోనే మొదలవుతాయి; మనస్సు తేలికపడటానికి రెండు నుండి ఆరు వారాలు పట్టవచ్చు. ఎనిమిదో రోజున మాత్రల అట్టను మూలకు విసిరి "పడలేదు" అంటే, పాపం, ఆ మందుకు పరీక్ష రాసే అవకాశమే దక్కలేదన్నమాట. కొంతకాలం వాడాక హఠాత్తుగా మానినా తల తిరగటం, చిరాకు కలగవచ్చు. డాక్టరు మోతాదును మెల్లగా దించుకుంటూ రావలసిందే.

ఈ పేటకు వేరుగా చెప్పవలసిన సంగతి మరొకటి. 25 ఏళ్ళ లోపు వారిలో కొందరికి, మందు మొదలుపెట్టిన తొలి వారాలలో, ఆత్మహత్య తలపులు పెరగవచ్చు. మొదట పిల్లల విషయంలో చేసిన ఈ హెచ్చరికను అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2007లో 24 ఏళ్ళ వారి వరకు విస్తరించింది. మందు మానమని దీని అర్థం కాదు. ఆ వారాలలో రోజూ ముఖం చూసి పలకరించే మనిషి ఒకరుండాలి. ఇంట్లో చెప్పకుండా ఒంటరి గదిలో మాత్రలు మింగే కుర్రవాడికి ఆ మనిషి ఎవరు? అలాగే, ఎప్పుడైనా నిద్ర అక్కరలేనంత హుషారు వారం పదిరోజులు నిలిచి వుంటే ఆ సంగతి డాక్టరుకు దాచకూడదు. అటువంటి వారికి ఈ మందులు ఒంటిగా ఇస్తే ఉన్మాదం రేగవచ్చు.

మన పెద్దలు మందుతోపాటు హస్తవాసిని కూడా లెక్కపెట్టేవారు. ఉత్తుత్తి మాత్ర ఇచ్చిన వారిలో సైతం చాలామంది కొంత కోలుకోవటం ఈ మందుల ప్రయోగాలలో కనబడుతున్నది. 2018లో 'లాన్సెట్' పత్రిక 21 మందులపై జరిగిన 522 ప్రయోగాలను సమీక్షించి, అన్నీ ఉత్తుత్తి మాత్రకంటె మెరుగేననీ, మెరుగు మోస్తరుదేననీ తేల్చింది. ఆ మోస్తరు మెరుగుకు ఓపికగా వినే డాక్టరు తోడైతే ఫలితం వేరుగా వుంటుందని నా నమ్మకం.

రాజిందర్ నగర్‌కు ఎక్కువ దూరం లేని రామ్ మనోహర్ లోహియా ప్రభుత్వాసుపత్రిలో మానసిక వైద్య విభాగం వున్నది. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ నెంబరు 14416. ఫోను ఉచితం, ఏ వేళనైనా చేయవచ్చు. దిగులును హిందీలో చెప్పుకోలేనివారు అక్కడ తెలుగులోనే చెప్పుకోవచ్చు.