ఫిష్‌ప్లేట్ ఉన్నది పట్టుకోవడానికి, కరెంటు మోయడానికి కాదు

సంక్రాంతికి బంగారపేట ఇంటి మిద్దె మీద ఏం జరిగిందో వచ్చినవాళ్ళందరూ చూశారు. తాత గ్యాంగ్‌మన్‌గా పనిచేసిన స్టేషన్‌ని పెద్దనాన్న, చిన్నాన్న కలిసి రెండేళ్ళు కష్టపడి హెచ్‌వో స్కేల్లో చేశారు. రైలు మూడో వంపు దాటగానే నీరసపడింది, గూడ్స్ షెడ్డు దగ్గర నిలిచిపోయింది. పిల్లలు వేలితో తోశారు, నాలుగోసారికి వాళ్ళకీ విసుగొచ్చి కిందికి వెళ్ళిపోయారు. పెద్దవాళ్ళు తీర్పు చెప్పేశారు: ఇంజను చెడింది, పట్టాలు మురికి. ఇప్పుడు మొత్తం విప్పి అట్టపెట్టెల్లో కట్టేద్దామంటున్నారట. పెద్దనాన్నా, కోపం తెచ్చుకోకండి, ఆ తీర్పు తప్పు.

నేను చదివింది కన్నడ మీడియం. పుస్తకంలో 'హళి' అని చదివి, ఇంట్లో 'పట్టా' అని విన్నవాణ్ణి. నా తెలుగులో తప్పులుంటే దిద్దండి. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ మాత్రం నా అన్నం. అందులో మొదటి పాఠం ఒకటే, తప్పు ఎక్కడుందో కొలవకుండా ఎవరిమీదా వేయకూడదు.

అందుకే ఆ రాత్రి మీరంతా పడుకున్నాక మీటరు పెట్టి చూశాను. కంట్రోలర్ దగ్గర 14 వోల్టులు. రెండు ఇంజన్లు నడుస్తుండగా గూడ్స్ షెడ్డు దగ్గర 11. (మామూలు మీటరు డీసీసీ వోల్టేజిని కచ్చితంగా చూపదు, పోల్చడానికి చాలు.) రెండు ఇంజన్లు కలిసి తాగుతున్నది ముప్పావు ఆంపియరు. అంటే దారిలో దాదాపు 4 ఓముల అడ్డు ఉంది. ఇంజను తీసుకొచ్చి కంట్రోలర్ పక్కన పెడితే గుర్రంలా పరుగెత్తింది. ఇంక ఇంజను తప్పేముంది?

మనం కరెంటు ఇచ్చింది ఒకే ఒక్క చోట. అక్కడినుంచి ఆరు మీటర్లు పట్టాలే మోసుకుపోవాలి. ఆ పట్టా నికెల్ సిల్వర్, పేరులోనే తప్ప అందులో వెండి లేదు. రాగి, నికెల్, జింకు కలిసిన లోహం, ఉత్త రాగితో పోలిస్తే కరెంటుని చాలా ఎక్కువగా అడ్డుకుంటుంది. దానికంటే పెద్ద దొంగలు జాయినర్లు. రెండువైపులా లెక్కపెడితే డజను. కొత్తలో బిగువుగా ఉంటాయి, తర్వాత వదులవుతాయి, లోపల తుప్పులాంటి పొర పడుతుంది, పైగా మనం కంకర అంటించిన జిగురు, వేసిన రంగు కూడా దూరాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో పట్టా పైభాగం ఎంత తుడిచినా జాయినర్ లోపలికి గుడ్డ పోదు. తుడవొద్దనడం లేదు, తుడవాలి. గరుకు కాగితంతో మాత్రం వద్దు, గీతల్లో మురికి ఇంకా బాగా పట్టుకుంటుంది.

"జాయినర్లు చాలు, డబ్బాలో బొమ్మ కూడా అలాగే వేసుంది" అన్నారు చిన్నాన్న. డబ్బాలో వచ్చింది చిన్న గుండ్రం చిన్నాన్నా, మనది స్టేషన్. అయినా అసలు రైల్వేనే చూడండి. ట్రాక్ సర్క్యూట్ ఉన్నచోట అతుకు దగ్గర ఫిష్‌ప్లేటుని నమ్మరు, దాన్ని దాటించి బాండ్ తీగలు వేస్తారు. విలియం రాబిన్సన్ ట్రాక్ సర్క్యూట్‌కి పేటెంటు తీసుకున్నది 1872లో. తాత రోజూ నడిచిన దారిలో ఉన్న సంగతిని తాత పేరు పెట్టిన బల్ల మీద మనమే మరిస్తే ఎలా? 1676 మిల్లీమీటర్ల బ్రాడ్ గేజీని 87తో భాగిస్తే 19 పైచిలుకు రావాలి, మనం 16.5 మీద నడుపుతున్నాం. ఆ అబద్ధానికి నేనూ ఒప్పుకున్నా. దీనికి ఒప్పుకోను.

ఆగిపోవడం కాదు నా అసలు భయం. మన బూస్టర్ 5 ఆంపియర్లది. గూడ్స్ షెడ్డు పాయింటు మీద బండి పట్టాలు తప్పి షార్టయిందనుకోండి. 14 వోల్టులు, 4 ఓములు, మూడున్నర ఆంపియర్లే పోతాయి. 5 దాటలేదు గనక బూస్టర్ కట్టు కాదు. దాదాపు 50 వాట్లు, అంటే మనింట్లో ఉన్న 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్లు రెండింటి వేడి, ఆ జాయినర్లలో, ప్లాస్టిక్ స్లీపర్ల మీద కాలుతుంటుంది. చుట్టూ చేతులు పెట్టేది మన పిల్లలే.

కాలింగ్ బెల్లు తీగ ఒకటి అటు లాగుదామన్నది కూడా విన్నాను. 0.2 చదరపు మిల్లీమీటర్ల తీగ ఆరు మీటర్లు పోయి రావాలంటే 2 ఆంపియర్ల దగ్గర రెండు వోల్టులు అదే మింగేస్తుంది. ఇంటి వైరింగుకి వాడే 2.5 తీగైతే అదే దూరానికి వోల్టులో ఆరోవంతు.

చేయాల్సింది పెద్ద పనేం కాదు. బల్లకింద ఆ చివరి దాకా ఎరుపు, నలుపు రెండు లావు తీగలు. ప్రతి పట్టా ముక్కకీ ఒక్కో జానెడు సన్నతీగ సోల్డర్ చేసి ఆ లావు తీగలకి కలపడం. ఎరుపు ఎప్పుడూ గోడవైపు పట్టాకే. పాయింటు ఫ్రాగుకి కరెంటు నాలుక తాకిడితో వస్తుందని నమ్మకుండా, పాయింటుతో పాటు మారే స్విచ్చు నుంచి ఇవ్వాలి. జాయినర్లు ఉంటాయి, పట్టుకునే పని చేస్తాయి.

తర్వాత పరీక్ష. రూపాయి బిళ్ళని రెండు పట్టాల మీద అడ్డంగా పెట్టాలి, ప్రతి ముక్క మీదా. పెట్టినచోటల్లా బూస్టర్ వెంటనే కట్టు కావాలి. ఒక్కచోట కాకపోయినా ఆ రోజు రైలు లేదు.

ఉగాదికి వస్తున్నాను. చెరో ఏడు మీటర్లు తీగ, సోల్డర్ నేను తెస్తా. అట్టపెట్టెలు అప్పటిదాకా అటకమీదే ఉండనివ్వండి. రూపాయి బిళ్ళ పెద్దనాన్న జేబులోదే కావాలి.