మతాభిమానమును పాటల నిషేధమును

గడచిన విద్యాసంవత్సరమున మా సాహిత్య సమాజపు సభ యొకటి ముగియనుండగా, పై తరగతుల విద్యార్థులు కొందరు ఒక అర్జీని చదివి వినిపించిరి. ఒక విదేశీయ గాయకుని పాట వీడియోలో సిలువకు అవమానము జరిగినదనియు, దానిని మన దేశమున నెవ్వరును చూడకుండ నిషేధింపవలసినదని ప్రభుత్వమువారిని వేడుచు నలువదిమందిమి చేవ్రాళ్లు చేసితిమనియు అందు వ్రాయబడియుండెను. సభాధ్యక్షులైన ఉపాధ్యాయులవారు అర్జీని నిందింపనులేదు, మెచ్చుకొననులేదు. “ఆ వీడియోను మొదటినుండి కడవరకు చూచినవారు లేచి నిలువుడు” అని మాత్రము సెలవిచ్చిరి. ముగ్గురు లేచిరి. ఈ వ్యాసము వ్రాయుచున్న మేమును చేవ్రాలు చేసినవారమే. మేము లేవలేదు.

నాటి సిగ్గే ఈ వ్యాసమునకు కారణము. ఆ వీడియో పేరును ఇచ్చట వ్రాయము. వ్రాసినయెడల చూడని చదువరులుకూడ నేటి సాయంకాలమే దానిని వెదకి చూతురు. వేడి చల్లారని వివాదమునందు న్యాయము తోచుట కష్టము. కావున మేము జరిగి చాలకాలమైన వివాద మొకదానిని, మనకు సమీపమున జరిగినది మరియొకదానిని తీసికొని పరిశీలించితిమి. అందు మాకు తోచినదానిని విద్యార్థులకును, తలిదండ్రులకును, మిషనువారికిని విన్నవించుకొనుచున్నాము.

మొదటిది అమెరికాలో జరిగినది. 1989వ సంవత్సరమున మడోన్నా యను ప్రసిద్ధ గాయని ‘లైక్ ఎ ప్రేయర్’ అను పాటను వెలువరించెను. ఆమె కాథలిక కుటుంబమున పుట్టి పెరిగినది. చిన్ననాడే తల్లిని గోల్పోయినది. ఈ పాటగల సంపుటమును ఆ తల్లికే అంకితము చేసినది. పెప్సీ కంపెనీవారు ఆమెకు 50 లక్షల డాలర్లిచ్చి, ఆ పాటతోనే తమ పానీయమునకు ప్రకటన తీయించిరి. మార్చి 2వ తేదీని ఆ ప్రకటన టెలివిజనులో వచ్చెను. అందు ఎవరికిని అభ్యంతరకరమైన దేదియు లేదు. మరునాడు ఎం.టీ.వీ.లో అదే పాటకు మేరీ లాంబర్ట్ అను దర్శకురాలు తీసిన వీడియో వచ్చెను. కలవరమంతయు దీనివలన పుట్టినది.

వీడియోలో మండుచున్న సిలువలు కనబడును. గాయని అరచేతులలో సిలువగాయములవంటి గాయములు కనబడును. దేవాలయములోని నల్లజాతి పునీతుని ప్రతిమ ప్రాణము దాల్చగా ఆమె అతనిని ముద్దుపెట్టుకొనును. ఆ పురుషుడు యేసుక్రీస్తే యని తలంచి అనేకులు మిక్కిలి నొచ్చుకొనిరి. రెవరెండ్ డొనాల్డ్ వైల్డ్‌మన్ నాయకత్వమున అమెరికన్ ఫ్యామిలీ అసోసియేషనువారు పెప్సీ పానీయములను ఎవరును కొనరాదని పిలుపునిచ్చిరి. ఇటలీ దేశపు కాథలిక సంఘములవారును నిరసన తెలిపిరి. కొలదికాలములోనే పెప్సీవారు తమ ప్రకటనను మానుకొనిరి. నిర్దోషమైన ప్రకటన ఆగిపోయినది. అభ్యంతరకరమైన వీడియో సాగిపోయినది. గాయనికిచ్చిన సొమ్ము ఆమెయొద్దనే నిలిచినది. ఏప్రిల్ నెలలో ఆ పాట అమెరికా పాటల పట్టికలో ప్రథమస్థానమునకు చేరెను. ఆ సంవత్సరమే ఎం.టీ.వీ. ప్రేక్షకులు తమకు నచ్చిన వీడియోగా దానినే ఎన్నుకొనిరి. నిషేధపు కేక దండోరా వంటిది. వద్దన్నదానినే ఊరంతటికి చాటును.

అయితే ఆ వీడియోలోని కథ యేమి? ఒక స్త్రీపై తెల్లజాతి దుండగులు దాడి చేయుదురు. ఆమెకు సాయపడవచ్చిన నల్లజాతి యువకుని పోలీసులు దోషియని తలంచి పట్టుకొనిపోవుదురు. ఇదంతయు చూచిన నాయిక భయపడి దేవాలయమున దాగును. అచ్చటి పునీతుని ప్రతిమ ఆ యువకునివలెనే యుండి, కన్నీరు కార్చుచుండును. ఆమె పీఠముపై నిద్రించి, స్వప్నము గని, తుదకు ధైర్యము దెచ్చుకొని చెరసాలకు పోయి సాక్ష్యమిచ్చి ఆ నిర్దోషిని విడిపించును. సత్యమును చూచియు మౌనముగా నుండిన ఆత్మ దేవుని సన్నిధిలో మేల్కొని సాక్ష్యము పలుకుటయే కథాసారము. ముద్దుపెట్టుకొను దృశ్యము మాకును రుచింపదు. దేవాలయమున అట్టి దృశ్యమును కల్పింపకయే ఈ కథను చెప్పియుండవచ్చునని మా యభిప్రాయము. కాని ఒక్క దృశ్యమును మాత్రము విని కథను విననివాడు ఆ వీడియోను ఎరుగడు.

మండుచున్న సిలువలనుగూర్చి ఇంకొకమాట. అమెరికాలో 1915 మొదలుకొని కూ క్లక్స్ క్లాన్ అను దుష్టసంఘమువారు నల్లవారిని భయపెట్టుటకై రాత్రులయందు సిలువలను కాల్చుచుండిరి. వారు తమ్ము క్రైస్తవులమని చెప్పుకొనినవారే. కథ నల్లవానికి జరిగిన యన్యాయమును గూర్చినది గావున, ఆ మంటలు చూపువారికి ఆ చరిత్రయే స్ఫురించును. సిలువను ఎక్కువ యవమానించిన దెవరు? దానిని తీసి చూపిన చిత్రమా, లేక దానిని నిజముగా కాల్చి పొరుగువాని గుమ్మముముందు నిలిపిన చేతులా? వీడియోపై కోపించిన భక్తులందరును ఆ చేతులపై అంతటి కోపము చూపియుండిన యెంత బాగుండెడిది!

రెండవ వివాదము మన హైదరాబాదునకు సంబంధించినది. 2018 ఫిబ్రవరిలో ‘ఒరు అడార్ లవ్’ అను మలయాళ చలనచిత్రములోని ‘మాణిక్య మలరాయ పూవి’ అను పాట వీడియో వెలువడెను. పాఠశాల బాలిక యొకతె ఒక బాలునివైపు చూచి కన్ను గీటు దృశ్యము కొలదిదినములలో దేశమంతట చేతిఫోనులలో వ్యాపించెను. ఆ పాట మహమ్మదు ప్రవక్తయు ఖదీజా దేవియుగూర్చిన మాప్పిళపాట. పి.ఎం.ఎ. జబ్బారుగారు రచించినది, 1978 మొదలు కేరళ ముస్లిములు సంతోషముతో పాడుకొనుచున్నది. అట్టి పవిత్రగీతమును బాలబాలికల ప్రేమచేష్టలకు జతపరచుట తమకు నొప్పి కలిగించినదని హైదరాబాదులో కొందరు ఫిర్యాదు చేయగా, ఫలక్‌నుమా పోలీసు ఠాణాలో కేసు నమోదయ్యెను. నటి ప్రియా ప్రకాశ్ వారియరును, దర్శకుడు ఒమర్ లులును సుప్రీముకోర్టును ఆశ్రయించిరి. ఫిబ్రవరి 21వ తేదీని కోర్టువారు చర్యలను నిలిపివేసి, ఆగస్టు 31వ తేదీని కేసును కొట్టివేసిరి.

ఆ తీర్పునకు ఆధారమైన న్యాయము పిల్లలందరు తెలిసికొనదగినది. మతభావములను అవమానించుటను నేరముగా నెంచు 295-ఎ సెక్షను 1927లో శిక్షాస్మృతిలో చేర్చబడినది. 2024 జూలై 1వ తేదీనుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహితలో అది 299వ సెక్షనుగా నున్నది. అవమానము బుద్ధిపూర్వకముగను ద్వేషపూర్వకముగను చేయబడినప్పుడే అది నేరమగునని సుప్రీముకోర్టువారు 1957లోనే వివరించిరి. ఒకరు నొచ్చుకొన్నంతమాత్రమున మరియొకరు నేరస్థులు కారు. పాడినవాని హృదయమున ద్వేషము కలదా యని విచారింపవలెను. కన్ను గీటిన బాలిక హృదయమున ఏ ప్రవక్తయందును ద్వేషము లేదు.

ఫలక్‌నుమావారి కేసు కొట్టివేయబడినదని చదివినప్పుడు మాలో చాలమంది “బాగుగా జరిగినది” అనుకొంటిమి. అదే మేము మా సిలువ విషయమున అర్జీకి చేవ్రాలు చేసితిమి! పరుల నొప్పి మనకు చిన్నదిగాను, మన నొప్పి కొండంతగాను తోచుట సహజమే కావచ్చును. సహజమైనదెల్లను న్యాయము కాదు. పొరుగువానికి ఏ తూకపురాయి వాడితిమో మనకును అదే రాయి వాడవలెను. వీథికొక తూకము, ఇంటికొక తూకము ఉంచుకొనువానిని అంగడిలో నేమందురో మనకు తెలియును.

నొప్పి లేదని మేమనుట లేదు. మా అవ్వలు సిలువముందు మోకరించి కన్నీరు విడుచుట చూచి పెరిగినవారము. ఆ సిలువ ఆటవస్తువుగా కనబడినప్పుడు గుండె కలుక్కుమనును. ఆ నొప్పిని పరిహసించువారు మనుష్యస్వభావ మెరుగనివారు. పవిత్రవస్తువును నలుగురి కంటబడుటకై వాడుకొని ధనమార్జించు కళాకారులును కలరు. వారిని మేము సమర్థింపము. మా ప్రశ్న నొప్పి కలదా లేదా యని కాదు. ఆ నొప్పి మనకు ఏ హక్కు నిచ్చును, ఏ హక్కు నీయదు? ఇదియే మా ప్రశ్న.

చూడకుండుటకు హక్కు నిచ్చును. మన సొమ్ముతో కొనకుండుటకు హక్కు నిచ్చును. వైల్డ్‌మన్‌గారు పెప్సీ మానుడని చెప్పుటవరకు తమ హక్కులోనే యుండిరి. పత్రికలకు వ్రాయుటకు, పాడినవానికి జాబు వ్రాసి మా కిట్లు నొప్పి కలిగినదని తెల్పుటకు హక్కు నిచ్చును. తల్లిదండ్రులు తమ యింట చిన్నపిల్లలకు ఏది తగును, ఏది తగదని నిర్ణయించుటకు హక్కు కలదు. అది నిషేధము కాదు, పెంపకము. కాని ఎన్నడును చూడని కోట్లమంది కన్నులను మన చేతులతో మూయుటకు ఆ నొప్పి హక్కునీయదు.

మనము సంఖ్యలో కొలదివారము గావున మెత్తగా నుండిన మనల నందరు త్రొక్కివేయుదురని మా మిత్రులు కొందరు వాదించిరి. మా సమాధాన మిది. కొలదివారికే మాటస్వేచ్ఛ యెక్కువ యవసరము. “నాకు నొప్పి కలిగినది, కావున నీ నోరు మూయుము” అనునది న్యాయమైనయెడల, రేపు మన ప్రసంగముగాని, మన కీర్తనగాని మరియొకనికి నొప్పి కలిగించినదని అర్జీ వచ్చును. నేడు మనము నూరి యిచ్చిన కత్తెర రేపు మన కీర్తనల పుస్తకముపైకి రాకమానదు. ఆ పుస్తకమును తెరచి చూడుడు: పురుషోత్తమ చౌదరిగారి వంటి భక్తుల కీర్తనలకు మీద రాగతాళముల పేర్లు కలవు. ఆ రాగములలోనే ఈ దేశపు ఇతర దేవతాస్తుతులును, శృంగారపదములును పాడబడినవి. రాగములు మా సొత్తు, మీరు ముట్టరాదని ఎవ్వరును అర్జీ పెట్టనందుననే మనకు ఈ కీర్తనలు దక్కినవి. లోకపు పాట దేవాలయమునకు వచ్చుచుండును. దేవాలయపు పాట లోకమునకు పోవుచుండును. ఈ రాకపోకలలో అప్పుడప్పుడు మనస్సు నొచ్చుట తప్పదు.

పౌలు ఏథెన్సు నగరమునకు పోయినప్పుడు వీథి వీథిని విగ్రహములను చూచి మనస్సున పరితపించెను. అతడు వానిని తొలగింపుడని అధికారులకు అర్జీ వ్రాయలేదు. సంతవీథిలో కనబడినవారితో తర్కించి, పిమ్మట అరేయొపగు సభలో నిలిచి తన మాట చెప్పెను. అంతకంటె పెద్దమాట యొకటి కలదు. దైవదూషణ యను నేరము మోపి ప్రధానయాజకుడు వస్త్రములు చింపుకొనినది ఎవరి యెదుట? ఆ నేరము మోపబడిన మన ప్రభువును స్మరించువారు, ఇతరులపై ఆ నేరమునే మోపుటకుముందు ఒక్క క్షణమైన ఆగవలదా?

సభ జరిగిన మరుసటి వారము అర్జీ తెచ్చిన మిత్రులును మేమును కలిసి, ఆ వీడియోను ఉపాధ్యాయులవారి సమక్షమున కడవరకు చూచితిమి. మా యభిప్రాయములు ఏకము కాలేదు. కొందరికి అది చౌకబారు వేషముగా తోచినది. ఒకరిద్దరికి మాత్రము అందు వెదకుచున్న ఆత్మ యొకటి కనబడినది. నలువదిమందిలో ఇరువదియారుగురు తమ చేవ్రాలు కొట్టివేసికొనిరి. మేమును వారిలో నొకరము. మిగిలినవారు తమ చేవ్రాలు నిలుపుకొనిరి. వారిపై మాకు కోపము లేదు, చూచిన పిమ్మట చేసిన చేవ్రాలు గనుక. అర్జీ పంపబడలేదు. దాని బదులుగా ఆ గాయకునికి ఒక జాబు వ్రాసితిమి. అందు మా నొప్పిని దాచలేదు. అతని పాటలో మంచిగా తోచిన ఒక్క చరణమును మెచ్చుకొనుటయు మరువలేదు. ఇంతవరకు బదులు రాలేదు. రాకున్నను, వ్రాసినందులకు మేము చింతించుట లేదు.