అబ్బాయి ఏసీ మెకానిక్ అవుతానంటే...

పదో తరగతి ఫలితాలు వచ్చాయంటే పటమట, కానూరు వైపు చాలా ఇళ్ళల్లో ఒకటే చర్చ, మార్కులు తక్కువొచ్చిన పిల్లాణ్ణి ఏం చెయ్యాలా అని. "పక్కనే ఆటోనగర్ ఉందిగా! ఏదో ఒక షెడ్డులో పెడితే పని వాడే నేర్చుకుంటాడు" అనేస్తారు మగవాళ్ళు. నిజమే, కార్ల ఏసీ పనికి ఇప్పుడు గిరాకీ బాగానే ఉంది. అయితే పానాలు అందించే హెల్పరుగానే ఉండిపోతాడా, నలుగురి చేత పని చేయించే హెడ్ మెకానిక్ అవుతాడా అన్నది తల్లులం మనం ముందే ఆలోచించాలి.

ఆ తేడా ఏమిటో చూడండి. ఏసీ చల్లబడకపోతే "గ్యాస్ అయిపోయిందమ్మా, నింపేస్తా" అని డబ్బు పట్టుకెళ్ళే కుర్రాళ్ళు కొల్లలు. అది వంటగ్యాస్‌లాగా వాడితే అయిపోయేది కాదండీ. మూసిన గొట్టాల్లోనే తిరుగుతుంటుంది. కుండ నీళ్ళు పైకి చెమర్చి ఆవిరవుతూ కుండని చల్లబరిచినట్టే, అది లోపలి కాయిల్‌లో ఆవిరవుతూ వేడిని లాక్కుంటుంది, బయటికొచ్చి వదిలేస్తుంది. తగ్గిందంటే ఎక్కడో కారుతోందన్నమాట. ఆ చోటు కనిపెట్టి, అతికి, వాక్యూమ్ పంపుతో గాలీ తేమా లాగేసి, తూకం ప్రకారం నింపేవాడే అసలు పనివాడు. తన కింద కుర్రాడు చేసిన తప్పుకి జవాబు చెప్పాల్సిందీ అతనే.

ఐటీఐలో దీనికి రెండేళ్ళ కోర్సుంది. పదో తరగతి ప్యాసైతే చాలు. ఆడపిల్లలూ చేరవచ్చు సుమా! ఆ తర్వాత అప్రెంటిస్‌షిప్ చేస్తే ఇంకో సర్టిఫికెట్టు. మా ఆడపడుచు "కాగితం కూడు పెడుతుందా వదినా?" అంది. షెడ్డులో అడగకపోవచ్చు గానీ, రైల్వేలో ఏసీ టెక్నీషియన్ ఉద్యోగానికి అడుగుతారు.

పైగా గ్యాసులు మారిపోతున్నాయి. ఓజోన్ పొరకి చేటని 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం తర్వాత పాతవి ఒక్కొక్కటే తీసేస్తున్నారు. కార్లలో ఆర్-12 పోయి ఆర్-134ఎ వచ్చింది. ఇళ్ళ ఏసీల్లో ఆర్-22 బదులు వచ్చిన ఆర్-32కి కొంచెం అంటుకునే గుణముంది. కొన్నిట్లో వాడే ఆర్-290 అయితే అచ్చంగా ప్రొపేన్, మన వంట సిలిండర్‌లో ఉండే సరుకే. ఏది ఏదో తెలియకుండా గ్యాస్ వెల్డింగ్ మంట పెడితే ఇంకేమన్నా ఉందా?

ఇక పని సంగతి. జనానికి ఏసీ కావాల్సింది ఎండల్లోనే కాబట్టి సెలవు దొరకనిదీ అప్పుడే. మే నెలలో రేకుల షెడ్డు కింద, అప్పుడే ఆపిన ఇంజనుపైకి వంగి పని చెయ్యాలి. డ్యాష్‌బోర్డు వెనక కాయిల్ తియ్యాలంటే నడుం పడిపోతుంది. గ్యాస్ చిమ్మి చేతిమీద పడితే చర్మం గడ్డకడుతుంది, కంట్లో పడితే చూపుకే ప్రమాదం. అన్నిటికన్నా ఘోరం, లీకు చూడ్డానికి నైట్రోజన్ బదులు ఆక్సిజన్ ఎక్కించడం. కంప్రెసర్‌లో నూనె ఉంటుంది, ఆక్సిజన్ తగిలితే పేలిపోతుంది.

అందుకే పిల్లాణ్ణి చేర్చేటప్పుడు జీతం ఒక్కటే అడిగి వచ్చెయ్యకండి. నైట్రోజన్ సిలిండర్ ఉందా, చేతి తొడుగులూ కళ్ళద్దాలూ ఇస్తారా అని అడగండి. పదిమందీ ఆపైన పనిచేసే చోటయితే ఇ.ఎస్.ఐ. కార్డు సంగతి కూడా. దానికి 2019 నుంచి పనివాడి జీతంలో కోసేది నూటికి ముప్పావలాయే, మిగతాది యజమాని కడతాడు. ఆసుపత్రి గుణదలలోనే ఉంది.