చేప చూసేది చంద్రుణ్ణి కాదు, నీటిని

పోయిన కార్తీకంలో మా ద్వారకలో ఉన్న తెలుగువాళ్ళం పార్కులో వనభోజనాలు పెట్టుకున్నాం. అక్కడ ఉసిరిచెట్టు లేదు కాబట్టి కుండీలో ఉసిరిమొక్క తెచ్చి పెట్టారు. నేను హేతువాదినే గానీ పులిహోరకి వ్యతిరేకిని కాదు. వెళ్ళాను. భోజనాలయ్యాక ఒక పెద్దాయన, రిటైరైన ఇంజనీరు, అందరూ వినేలా నన్ను అడిగారు.

"ఏమండీ, జ్యోతిషం బూటకం అంటారు కదా మీరు! మా అబ్బాయి సియాటిల్‌లో ఉంటాడు. అక్కడ అమెరికావాళ్ళు సముద్రపొడ్డున ట్రౌట్ చేపకి గాలం వెయ్యాలన్నా చంద్రుడి లెక్క చూసుకునే బయల్దేరతారట. చంద్రుడు అంత సముద్రాన్నే లేపుతున్నాడు. మనిషి ఒంట్లో డెబ్భై శాతం నీళ్ళే. మరి మనిషిని వదిలిపెడతాడా?"

చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. నేను ఏదో అనబోయేలోపు తాంబూలాలు వచ్చాయి. అంతటితో ఆ చర్చ ముగిసింది, ఆయన గెలిచినట్టుగా. రెండు నిమిషాల్లో తేలే విషయం కాదు కనక ఇక్కడ రాస్తున్నాను. ఆయన కూడా చదువుతారని ఆశ.

ముందు చేప సంగతి. పెద్దాయన చెప్పినదాంట్లో సగం నిజం. మా అమ్మాయి కూడా సియాటిల్ దగ్గరే ఉంటుంది కాబట్టి ఆ తతంగం నేను కళ్ళారా చూశాను. పసిఫిక్ సముద్రం అక్కడ నేలలోకి చొచ్చుకువచ్చి ప్యూజెట్ సౌండ్ అనే పెద్ద ఉప్పునీటి పాయ అయింది. గులకరాళ్ళ ఒడ్డు. తెల్లవారుజామున మనుషులు రబ్బరు లాగులు తొడుక్కుని మోకాలు లోతు నీళ్ళలో నిలబడి, పొడుగాటి బెత్తంలాంటి కర్రతో దారాన్ని గాల్లో ఆడించి విసురుతారు. ఎరగా వానపాము ఉండదు, ఈకలూ వెంట్రుకలూ గాలానికి చుట్టి చిన్నచేపలా, రొయ్యలా కనిపించేట్టు కట్టిన బొమ్మ ఉంటుంది. దాన్ని ఫ్లై అంటారు. పడే చేప కట్‌త్రోట్ ట్రౌట్. దవడ కింద ఎర్రటి గీత ఉంటుంది, ఎవరో గొంతు కోసినట్టు. అందుకే ఆ పేరు. వాగుల్లో పుట్టి, కొన్ని నెలలు సముద్రపు అంచుల్లో మేసి, గుడ్లు పెట్టడానికి మళ్ళీ వాగు ఎక్కుతుంది. అడుగు, మహా అయితే అడుగున్నర పొడవు. ఇంత కష్టపడి పట్టి, మళ్ళీ నీళ్ళలో వదిలేస్తారు. అక్కడ అడవి కట్‌త్రోట్‌ని ఇంటికి తీసుకెళ్ళకూడదని వాషింగ్టన్ రాష్ట్రం నిబంధన పెట్టింది.

వీళ్ళందరి జేబుల్లోనూ ఆటుపోట్ల పట్టిక ఉంటుంది. ఏ రోజు ఏ గంటకి పోటు, ఎప్పుడు ఆటు, ఎన్ని అడుగులు అన్నది అందులో ఉంటుంది. అక్కడ నీరు పెద్ద పోటు రోజుల్లో మూడు మీటర్ల పైన లేస్తుంది, దిగుతుంది. ఆ నీరు కదిలేటప్పుడు ఒడ్డు మలుపుల దగ్గర ఏటిలాగా ప్రవాహం పడుతుంది. చిన్నచేపలూ రొయ్యలూ ఆ ప్రవాహంలో కొట్టుకొస్తాయి. ట్రౌట్ ఆ ప్రవాహం అంచున కాచుకుని ఉంటుంది. నీరు నిలిచిపోతే తిండి రాదు, చేపా రాదు. జాలరికి కావలసింది కదిలే నీరు. ఆ నీటిని కదిలించేది చంద్రుడు, కొంత సూర్యుడు. అంతే కథ. చంద్రుడి నుంచి నీటికి, నీటి నుంచి ఎరకి, ఎర నుంచి చేపకి ప్రతి మెట్టుకీ వోచరు ఉంది.

ఇప్పుడు అసలు పరీక్ష. సియాటిల్ పక్కనే లేక్ వాషింగ్టన్ అని మంచినీటి సరస్సు ఉంది. సముద్రానికీ దానికీ మధ్య తూము తలుపులున్నాయి. ఆ సరస్సులోనూ ఇదే జాతి కట్‌త్రోట్ ఉంది. అదే చేప, అదే ఊరు, నెత్తిన అదే చంద్రుడు. కానీ ఆ సరస్సులో గాలం వేసేవాడికి ఆటుపోట్ల పట్టిక పనికిరాదు, ఎందుకంటే అక్కడ ఆటుపోట్లు లేవు. చంద్రుడు నేరుగా చేప మీద పనిచేస్తున్నాడంటే రెండుచోట్లా పనిచెయ్యాలి కదా?

దూరం ఎందుకు, మన దేశంలోనే చూడండి. గుజరాత్‌లో ఖంభాత్ సింధుశాఖ దగ్గర పెద్ద పోటు పది మీటర్లు దాటుతుంది. మన విశాఖపట్నంలో రెండు మీటర్లు కూడా ఉండదు. హుస్సేన్ సాగర్‌లో చూద్దామన్నా కనిపించదు. ఇక్కడ ఓఖ్లా దగ్గర యమునలో పున్నమికి పోటు వచ్చిందని ఎవరైనా విన్నారా? ఒకే చంద్రుడికి ఇన్ని ఫలితాలు ఎందుకంటే, పోటు అనేది "నీళ్ళు ఉన్నాయి కాబట్టి" రాదు. వేల కిలోమీటర్ల వెడల్పున్న సముద్రానికి ఈ చివరా ఆ చివరా చంద్రుడి లాగుడులో కాస్త తేడా ఉంటుంది. ఆ తేడాకి నీరు పక్కకి పారుతుంది. తీరం ఇరుకై, లోతు తగ్గి, ఆకారం కుదిరినచోట అది గోడలా లేస్తుంది. కావలసింది వెడల్పు. చెరువుకే లేని వెడల్పు మనిషికి ఎక్కడిది?

లెక్క కూడా వేద్దాం. ఒంట్లో నీరు డెబ్భై కాదు, పెద్దవాళ్ళలో సుమారు అరవై శాతం. అది వదిలేద్దాం. చంద్రుడు సరిగ్గా నడినెత్తిన ఉన్నప్పుడు 60 కిలోల మనిషి తూకంలో తగ్గేది సుమారు 7 మిల్లీగ్రాములు, అంటే మూడు దోమల బరువు. ఆ తగ్గుదల నీళ్ళకి వేరుగా, ఎముకలకి వేరుగా ఉండదు. మనిషికీ, అతను కూర్చున్న కుర్చీకీ ఒకే నిష్పత్తిలో ఉంటుంది. ఒంట్లో నీళ్ళు పొంగాలంటే తలకీ కాళ్ళకీ మధ్య లాగుడులో తేడా రావాలి. నిలబడ్డ మనిషిలో ఆ తేడా భూమి లాగే బలంలో 30 లక్షల కోట్లలో ఒక వంతు. ఇంజనీరుగారు కాలేజీలో చదివిన న్యూటన్ సూత్రంతో పావుగంటలో సరిచూసుకోవచ్చు. బీకాం చదివిన నేనే వెయ్యగలిగాను.

ఇంకో మాట. సముద్రం పొంగేది అమావాస్యకి, పున్నమికి కూడా. రెండు రోజుల పోటూ ఇంచుమించు ఒకటే. మరి నీళ్ళు పొంగడమే కారణమైతే పున్నమి మంచిది, అమావాస్య చెడ్డది ఎలా అయింది? మా ఆఫీసులో నాతో పనిచేసిన తమిళ మిత్రుడు కొత్త స్కూటర్ కొనడానికి అమావాస్య ఎప్పుడా అని చూసేవాడు. వాళ్ళకి అది మంచిరోజు. సూళ్ళూరుపేట దాటగానే చంద్రుడు మనసు మార్చుకుంటాడా?

ఈ జబ్బు మనకే ఉందని నేను అనను. 1926లో జాన్ ఆల్డెన్ నైట్ అనే అమెరికన్ సోలూనార్ సిద్ధాంతం అని ఒకటి తయారుచేశాడు. చంద్రుడు నడినెత్తికి వచ్చినప్పుడు, సరిగ్గా కాళ్ళకింద ఉన్నప్పుడు, ఉదయించేటప్పుడు, అస్తమించేటప్పుడు చేపలు బాగా మేస్తాయని, ఆటుపోట్లు లేని చెరువులో కూడా మేస్తాయని ఆ పట్టికలు చెబుతాయి. దశాబ్దాల నుంచి అచ్చవుతున్నాయి, ఇప్పుడు ఫోన్లలోకీ వచ్చాయి. ఇది అమెరికావాళ్ళ రాహుకాలం. ఆటుపోట్ల పట్టిక ఫలానా రేవులో ఫలానా నిమిషానికి ఇన్ని అడుగులు అని చెబుతుంది, తప్పైతే కర్ర పాతి పట్టుకోవచ్చు. సోలూనార్ పట్టిక "ఈ సమయం అనుకూలం" అంటుంది. చేప పడితే పట్టిక గొప్ప, పడకపోతే వాతావరణం బాగోలేదు. మన పంచాంగంలోనూ ఇవే రెండు గడులు పక్కపక్కన ఉన్నాయి. తిథి, గ్రహణం గణితంతో వచ్చినవి, సరిచూడొచ్చు. ఫలం గడికి వోచరు లేదు. మొదటి గడి సరిగ్గా ఉంది కాబట్టి రెండోదీ పాస్ చెయ్యమంటే ఏ ఆడిటరూ ఒప్పుకోడు.

అలాగని చంద్రుడికీ ప్రాణులకీ సంబంధమే లేదని వాదించడం కూడా మూర్ఖత్వమే. సముద్రం నుంచి నది ఎక్కే చేప మనకీ ఉంది. గోదావరి జిల్లాల్లో పుస్తెలు అమ్ముకునైనా తినమనే పులస, బెంగాలీల ఇలిష్. అది గుడ్లు పెట్టడానికీ పున్నమి, అమావాస్యల పోట్లకీ సంబంధం ఉందని జీవశాస్త్రజ్ఞులు చేపల అండాశయాలు కోసి, తూచి, ఏళ్ళ తరబడి లెక్కగట్టి చెప్పారు. ఆ లెక్క మీదే బంగ్లాదేశ్ ప్రభుత్వం ఆశ్వయుజ పున్నమిని చూసుకుని ఇలిష్ వేట ఆపుతుంది. 2016 నుంచి ఆ నిషేధం 22 రోజులు. అక్కడ చంద్రుణ్ణి చూడటం మూఢనమ్మకం కాదు, ఎందుకంటే లెక్క తప్పితే తేదీలు మార్చుకుంటారు, మార్చుకున్నారు కూడా. మనం ఏం చేశాం? తూర్పుతీరంలో సముద్రపు వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా. పులస గోదావరి ఎక్కేది ఆ తర్వాత, ఎర్రనీళ్ళతో, కడుపునిండా గుడ్లతో. ధవళేశ్వరం ఆనకట్ట కింద వలవేసి పడతాం, వేలం పాడతాం, పులుసు పెడతాం.

ఇదే ఇలిష్ ఒకప్పుడు గంగ మీదుగా యమున ఎక్కి ఆగ్రా, ఢిల్లీ దాకా వచ్చేది. 1975లో ఫరక్కా బ్యారేజి పని మొదలుపెట్టాక పైకి రావడం దాదాపు ఆగిపోయింది. ఇప్పుడు చిత్తరంజన్ పార్కు మార్కెట్లో ఐసు మీద కనిపించాలి తప్ప యమునలో కాదు. ఫరక్కా దాటినా బతికేది కాదు లెండి. 1,376 కిలోమీటర్ల యమునలో వజీరాబాద్ నుంచి ఓఖ్లా దాకా 22 కిలోమీటర్లు ఢిల్లీది. నజఫ్‌గఢ్ నాలా కలిశాక కాలుష్య నియంత్రణ సంస్థ నివేదికల్లో నీటిలో కరిగిన ఆక్సిజన్ గడిలో తరచూ కనిపించే అంకె "నిల్". స్నానానికే లీటరుకి కనీసం 5 మిల్లీగ్రాములు ఉండాలి. ఆ నిల్ నీళ్ళ ఒడ్డునే మన జనం గ్రహదోషం పోవడానికి చేపలకి గోధుమపిండి ఉండలు వేస్తారు. ఊపిరాడని చేపకి రాహువు శాంతి! ఆ పిండి కూడా కుళ్ళి ఉన్న కాస్త ఆక్సిజన్‌నీ తినేస్తుంది.

వనభోజనాల్లో ఒక మాట అంటే ఇంత రాద్ధాంతమా అని మీరు అడగొచ్చు. కారణం ఉంది.

ఎనిమిదేళ్ళ కిందట మా బావగారికి పిత్తాశయంలో రాళ్ళు వచ్చి చీము పట్టింది. డాక్టరు ఆ రోజే ఆపరేషన్ అన్నాడు. మర్నాడు అమావాస్య. బంధువుల్లో చదువుకున్న పెద్దమనిషి ఒకాయన "సముద్రమే పొంగే రోజులు, ఒంట్లో రక్తం ఊరుకుంటుందా? కత్తి పెడితే ఆగదు. విదియ వెళ్ళాక చూద్దాం" అన్నారు. అక్కయ్య ఢిల్లీకి నాకు ఫోన్ చేసింది. అదంతా ఒట్టిది, వెంటనే చేయించమన్నాను. "ఒట్టిదెలా అవుతుందిరా? సముద్రం పొంగడం ఒట్టిదా?" అంది. నా దగ్గర జవాబు లేదు. ముప్పై ఏళ్ళు హేతువాదం మాట్లాడినవాణ్ణి, ఆ రోజు ఫోన్లో నా దగ్గర ఉన్నది కోపం ఒక్కటే. చివరికి ఐదు రోజులు ఆగారు. ఆరో రోజు ఆపరేషన్ బల్ల ఎక్కించేసరికి విషం రక్తానికి ఎక్కింది. తొమ్మిదో రోజు పోయారు.

వెంటనే చేస్తే కచ్చితంగా బతికేవారని నేను రుజువు చెయ్యలేను. అది నాకూ తెలుసు. కానీ ఆ ఐదు రోజుల ఆలస్యానికి ఆధారం ఏమిటని అడిగితే, సముద్రం మీది నిజాన్ని ఒకటి తెచ్చి మనిషికి అతికించిన అబద్ధం తప్ప ఇంకేమీ లేదు. అందుకే ఆ వాక్యాన్ని ఎవరైనా సరదాగా అన్నా నేను నవ్వలేను.

ఇంజనీరుగారికి ఒక విన్నపం. రాబోయే పున్నమికి మీ బాల్కనీలో ఒక బకెట్ నిండా నీళ్ళు పెట్టి, నీటిమట్టం దగ్గర పెన్సిల్‌తో గీత గీయండి. ఎగిరిపోకుండా పైన మూత వెయ్యండి. చంద్రుడు నెత్తిమీదకి వచ్చాక మూత తీసి చూడండి. గీత దాటి నీళ్ళు ఎంత పొంగాయో వచ్చే వనభోజనాల్లో అందరిముందూ చెప్పండి. పొంగితే నేనే లేచి చప్పట్లు కొడతాను.

మిగతా పాఠకులకి: మీ ఇంట్లో ఎవరికైనా డాక్టరు ఇవాళే అన్నప్పుడు, ఎవరో ఒకరు అమావాస్య వెళ్ళనివ్వండి అంటారు. ఒట్టిది అని ఊరుకోకండి, నేను చేసిన తప్పు అదే. అదే రాత్రి మీ వీధి చివరి చెరువు ఎందుకు పొంగలేదో వాళ్ళని అడగండి. అడిగి, ఆటో పిలవండి.